అనుకున్న పని మధ్యలో ఆగిపోకుండా: అసలు కారణం వెతకడం నుంచి పని ముగించేదాకా

"మొదలుపెట్టేటప్పుడు బాగానే ఉంటుంది, రెండు వారాలయ్యేసరికి ఎందుకు ఆగిపోతానో నాకే తెలీదు." ఎక్కువమంది అడిగేది ఇదే. దీనికి మామూలుగా దొరికే జవాబు "పట్టుదల పెంచుకో". నా దృష్టిలో అది సలహా అనిపించుకోదు, తిట్టునే కాస్త మర్యాదగా చెప్పడం.

మనిషి ఏ పనీ ఊరికే చేయడు, ఊరికే మానడు. చదువుకోవాల్సిన గంట చదవలేదంటే ఆ గంటలో ఇంకేదో చేశాడు. ఆ ఇంకేదో అతనికి ఒకటి ఇచ్చింది: విశ్రాంతో, కాలక్షేపమో, ఒక భయం నుంచి తప్పించుకున్న ఊరటో. అది ఏమిటో పట్టుకోవడం మొదటి సగం. దానికి తగ్గట్టు ఏర్పాట్లు చేసుకోవడం రెండో సగం. చాలామంది మొదటి సగం వదిలేసి నేరుగా టైమ్‌టేబుల్ గీస్తారు, అందుకే అది గోడ మీదే ఉండిపోతుంది.

మొదలుపెట్టే ముందు ఇవి దగ్గర పెట్టుకోండి

- ఒక చిన్న నోట్‌బుక్. ఫోన్‌లో రాసుకుంటే రాయడానికని తీసి ఇంకెటో వెళ్లిపోతారు.
- రోజుకు పది నిమిషాలు.
- ఒకే ఒక్క లక్ష్యం. బరువు తగ్గడం, కొత్త భాష నేర్చుకోవడం, పొద్దున్నే లేవడం మూడూ ఒకేసారి వద్దు. ఈ పద్ధతి చేతికి వచ్చాక మిగతావి చూడొచ్చు.

## 1. మొదటి వారం ఏమీ మార్చకండి, గమనించండి

ఇది అందరికీ విసుగు పుట్టించే మెట్టు. ఉత్సాహంగా ఉన్నప్పుడు "ఊరికే చూడు" అంటే ఎవరికి నచ్చుతుంది? కానీ దీన్ని దాటేస్తే తర్వాత చేసేదంతా ఊహల మీద కట్టినట్టే అవుతుంది.

అనుకున్న పనిని వాయిదా వేసిన ప్రతిసారీ, లేదా మధ్యలో లేచిపోయిన ప్రతిసారీ నాలుగు విషయాలు రాయండి:

- టైమ్ ఎంత, ఎక్కడున్నారు
- సరిగ్గా దానికి ముందు ఏం జరిగింది
- బదులుగా ఏం చేశారు
- అది చేశాక ఎలా అనిపించింది

"ఎందుకు" అనే గడి మాత్రం పెట్టకండి. మన కారణాలు మనకు తెలుసనే నమ్మకం అంత గట్టిదేమీ కాదు. 1977లో మనస్తత్వ శాస్త్రవేత్తలు రిచర్డ్ నిస్బెట్, తిమోతీ విల్సన్ ప్రచురించిన వ్యాసంలో ఒక పరీక్ష ఉంది. నాలుగు జతల మేజోళ్లు వరుసగా పెట్టి వాటిలో నాణ్యమైనది ఎంచుకోమన్నారు. నిజానికి నాలుగూ ఒకటే రకం. మిగతా వాటికంటే కుడి చివర ఉన్నదాన్నే ఎక్కువమంది ఎంచుకున్నారు. ఎందుకని అడిగితే నేత బాగుందనో, మెత్తగా ఉందనో చెప్పారు. "కుడి చివర ఉందనేమో?" అంటే ఒప్పుకోలేదు.

వాళ్లు అబద్ధం చెప్పలేదు. కారణం అడిగితే మనసు అప్పటికప్పుడు ఒకటి అల్లి ఇస్తుంది. అందుకే ముందు జరిగింది రాయండి, కారణం తర్వాత తేలుతుంది.

## 2. నోట్‌బుక్‌లోంచి అసలు కారణం తీయండి

వారం అయ్యాక రాసినదంతా ఒకేసారి కూర్చుని చదవండి. ఉద్యోగం చేస్తూ ప్రమోషన్ పరీక్షకు చదువుతున్న ఒకరి పేజీ ఇలా ఉందనుకుందాం:

*రాత్రి 9.40. పుస్తకం తెరిచాను. మూడో లెక్క దగ్గర ఆగిపోయా. 9.52. ఫోన్ తీశా. 10.35. బ్యాటరీ అయిపోయిందని పెట్టేశా. మనసు కాసేపు తేలిగ్గా ఉంది, తర్వాత చిరాకు.*

ఆయన్ని అడిగితే "ఆఫీసు నుంచి అలసిపోయి వస్తాను, టైమ్ దొరకదు" అంటాడు. ఇంట్లోవాళ్లు "ఆ ఫోన్ వల్లే" అంటారు. పేజీ ఇంకో మాట చెబుతోంది. కూర్చున్నాడు, పుస్తకం తెరిచాడు, పన్నెండు నిమిషాలు చదివాడు. ఫోన్ చేతికి వచ్చింది లెక్క రానప్పుడు. అంటే ఆయన తప్పించుకుంటున్నది చదువును కాదు, "ఈ వయసులో నాకు ఇది రాదేమో" అనే భయాన్ని.

ఇలాంటి మనిషి ఫోన్ దాచేస్తే ఏమవుతుంది? అల్మారా సర్దడం మొదలుపెడతాడు. ఆయనకు కావలసింది ఆ అధ్యాయం అర్థమయ్యేలా చెప్పే మనిషి, లేదా కాస్త తేలికైన పుస్తకం. అదే పేజీలో రోజూ పుస్తకం తెరవకముందే నిద్ర ముంచుకొస్తోందని ఉంటే మందు వేరు: చదువు పొద్దుటికి మార్చుకోవాలి.

మీ పేజీల్లో ఈ నాలుగింటిలో ఏది ఎక్కువసార్లు కనబడుతోందో చూడండి:

- తప్పించుకోవడం. పని కష్టంగా, అయోమయంగా మారిన చోటే లేచిపోతున్నారు. మందు: ఆ మెట్టును ఇంకా చిన్నది చేయడం, తెలిసినవాళ్లను అడగడం.
- అలసట. రోజూ ఒకే వేళకు ఆగిపోతోంది. మందు: వేళ మార్చడం, నిద్ర సరిచూసుకోవడం.
- విసుగు. పని వచ్చు, కానీ రుచి లేదు. మందు: పనికి కాస్త సవాలు కలపడం, లేదా తోడు వెతుక్కోవడం.
- పోటీ కోరిక. పిల్లలతో గడపడం, స్నేహితులు, ఇంకో పని. ఇది బలహీనత కాదు. రెండు మంచి కోరికలు ఒకే గంట కోసం కొట్లాడుకుంటున్నాయి, అంతే. మందు: వాటికి వేర్వేరు వేళలు ఇవ్వడం.

ఐదో గడి "బద్ధకం" అని పెట్టుకోవాలనిపిస్తుంది. పెట్టకండి. ఆ మాట రాశాక వెతకడం ఆగిపోతుంది.

ఒక్క హెచ్చరిక. ఏ పని మీదా ఆసక్తి లేకుండా, ఒకప్పుడు ఇష్టమైనవి కూడా రుచించకుండా, దాదాపు రోజంతా దిగులుగా రెండు వారాలకు పైగా ఉంటే ఈ గైడ్ పక్కన పెట్టి డాక్టర్‌ని కలవండి. అది డిప్రెషన్ కావచ్చు. దానికి చికిత్స ఉంది, నోట్‌బుక్‌తో నయం కాదు.

## 3. ఈ లక్ష్యం ఎవరిదో తేల్చుకోండి

ఎడ్వర్డ్ డెసి, రిచర్డ్ రయాన్ అనే ఇద్దరు పరిశోధకులు దశాబ్దాలుగా చేసిన పని సారం ఇది: మనిషి ఒక పనిలో నిలబడాలంటే మూడు కావాలి. ఇది నా ఇష్టంతో చేస్తున్నాననే భావన. నాకు ఇది వస్తోందనే నమ్మకం. నా అనుకునేవాళ్లతో సంబంధం. ఈ మూడూ లేని లక్ష్యాన్ని ఎవరో ఒకరు వెనకనుంచి నెడుతూ ఉండాలి.

ఒక కాగితం మీద "ఈ పని నేను ఎందుకు చేస్తున్నాను?" అని రాసి, వచ్చిన జవాబు కింద మళ్లీ "అది ఎందుకు కావాలి?" అని రాయండి. నాలుగైదు సార్లు ఇలా దిగితే అడుగు తగులుతుంది.

చివరి జవాబు "అందరూ చేస్తున్నారు", "చేయకపోతే ఏమనుకుంటారో", "నాన్న పోరుతున్నారు" దగ్గర ఆగితే జాగ్రత్త. అలాంటి లక్ష్యాన్ని వెంటనే వదిలేయమని అనను. జీవితంలో సగం పనులు ఎవరో అడిగితేనే మొదలవుతాయి. కానీ అందులో మీకంటూ పనికొచ్చేది ఒకటి దొరకాలి. దొరకకపోతే లక్ష్యాన్నే మార్చండి, లేదా అడిగినవాళ్లతో సూటిగా మాట్లాడండి.

తరచూ చేసే తప్పు: బహుమతి ఆశ చూపించుకోవడం. "పది రోజులు రాస్తే కొత్త హెడ్‌ఫోన్స్ కొనుక్కుంటా" అనుకోవడం బాగానే ఉంటుంది. కానీ ఇష్టంగా చేసే పనికి బహుమతి తగిలిస్తే ఇష్టమే తగ్గొచ్చు. 1973లో నర్సరీ పిల్లల మీద ఒక ప్రయోగం జరిగింది. బొమ్మలు వేయడం ఇష్టమైన పిల్లల్లో కొందరికి వేస్తే సర్టిఫికెట్ ఇస్తామని ముందే చెప్పారు. తర్వాత స్వేచ్ఛగా ఆడుకోమని వదిలినప్పుడు మిగతా పిల్లలతో పోలిస్తే వాళ్లు బొమ్మల మీద తక్కువ సమయం గడిపారు. బహుమతి పద్ధతిని ఎలాగూ ఇష్టం లేని పనులకు, అంటే బిల్లులు సర్దడం, ఫారాలు నింపడం లాంటి వాటికి ఉంచుకోండి.

## 4. లక్ష్యాన్ని ఒక్క వాక్యంలో రాయండి

"ఆరోగ్యంగా ఉండాలి" అనేది ఆశ. "సోమ, బుధ, శుక్రవారాల్లో అరగంట నడవాలి" అనేది లక్ష్యం. తేడా కనుక్కోవడానికి ఒక్క ప్రశ్న చాలు: ఇవాళ రాత్రి పడుకునేముందు "చేశాను", "చేయలేదు" అని ఖాయంగా చెప్పగలరా?

మీ చేతిలో ఉన్నదే రాయండి. పరీక్షలో ర్యాంకు మీ చేతిలో లేదు, రోజుకు ఎన్ని లెక్కలు చేస్తారన్నది ఉంది. బరువు మెషీన్ మీద అంకె మీ మాట వినదు, నడక వింటుంది.

గడువు వేసేటప్పుడు మనమందరం ఆశావాదులమే. 1994లో వచ్చిన ఒక అధ్యయనంలో కాలేజీ విద్యార్థులను థీసిస్ ఎప్పటికి పూర్తవుతుందని అడిగితే సగటున 34 రోజులన్నారు. పట్టింది దాదాపు 55. దీనికి విరుగుడు "ఈసారి ఎంత పడుతుంది" అని ఊహించడం మానేసి, "ఇలాంటి పనికి పోయినసారి ఎంత పట్టింది" అని చూడడం. పాత అనుభవం ఏదీ లేకపోతే, అనుకున్నదానికి సగం కలిపి గడువు వేయండి.

## 5. "ఎప్పుడైతే, అప్పుడు" వాక్యాలు రాయండి

ఈ గైడ్‌లో ఒక్క మెట్టే చేసే ఓపిక ఉందంటే ఇదే చేయండి.

"వ్యాయామం చేయాలి" అనే కోరికకూ చేయడానికీ మధ్య పెద్ద గొయ్యి ఉంటుంది. 2002లో బ్రిటన్‌లో విద్యార్థులను మూడు గుంపులు చేసి, వచ్చే వారంలో కనీసం ఒక్కసారి 20 నిమిషాలు గట్టిగా వ్యాయామం చేయమన్నారు. అంతకుమించి ఏమీ చెప్పని గుంపులో 38 శాతం చేశారు. గుండెజబ్బుల గురించి, వ్యాయామం వల్ల లాభాల గురించి చదివించిన గుంపులో 35 శాతం చేశారు. అదే సమాచారం ఇచ్చి, దాంతోపాటు "ఏ రోజు, ఎన్నింటికి, ఎక్కడ" అని రాయించిన గుంపులో 91 శాతం చేశారు. ప్రేరణ ప్రసంగాల వీడియోలు చూస్తూ కూర్చునేవాళ్లు ఆ రెండో గుంపును ఓసారి గుర్తుచేసుకుంటే మంచిది.

ఈ పద్ధతిని ఎక్కువగా పరిశోధించింది మనస్తత్వ శాస్త్రవేత్త పీటర్ గోల్‌విట్జర్. వాక్యం కట్టడం సులువు:

*ఎప్పుడైతే (ఖాయంగా జరిగే ఒక సంఘటన), అప్పుడు (ఒక చిన్న పని).*

సంఘటన తప్పకుండా కంటపడేదై ఉండాలి. "టైమ్ దొరికినప్పుడు" కుదరదు. "సాయంత్రం" కూడా వదులే. "రాత్రి భోజనం ప్లేటు కడిగి పెట్టగానే" అనేది బాగుంటుంది, ఎందుకంటే అది రోజూ జరుగుతుంది, ఒక క్షణంలో ముగుస్తుంది.

రెండు రకాల వాక్యాలు కావాలి. మొదటిది మొదలుపెట్టడానికి: "ప్లేటు కడిగి పెట్టగానే బల్ల దగ్గర కూర్చుని ఒక లెక్క చేస్తాను." రెండోది అడ్డంకి కోసం, ఇది రెండో మెట్టులో దొరికిన కారణంలోంచి పుట్టాలి: "లెక్క దగ్గర ఐదు నిమిషాలకు మించి ఆగిపోతే, దాని పక్కన ప్రశ్నార్థకం పెట్టి తర్వాతి లెక్కకు వెళ్తాను. ఆదివారం ప్రశ్నార్థకాలన్నీ కలిపి అడుగుతాను."

ఇందాకటి ఆయనకు ఈ రెండో వాక్యమే ముఖ్యం. లెక్క రాకపోవడం ఇప్పుడు ఓటమిగా కనిపించదు, పద్ధతిలో భాగమైపోయింది.

వాక్యం రాశాక సరిచూసుకోండి

- ఆ సంఘటన రోజూ జరుగుతుందా?
- "అప్పుడు" తర్వాత ఉన్న పని రెండు నిమిషాల్లో మొదలవుతుందా?
- "చేయను" అని కాకుండా "చేస్తాను" అని ఉందా? "ఫోన్ చూడను" అని రాస్తే చేతికి పని దొరకదు. "ఫోన్ పక్కగదిలో పెట్టి వస్తాను" అని రాయండి.
- మొత్తం వాక్యాలు మూడు దాటలేదు కదా? పది రాస్తే ఒక్కటీ గుర్తుండదు.

## 6. చుట్టూ ఉన్నవాటిని సర్దండి

మంచి పనికి ఒక అడుగు తగ్గించండి, అడ్డొచ్చేదానికి రెండు అడుగులు పెంచండి. పొద్దున నడవాలనుకుంటే బూట్లు, సాక్సులు రాత్రే గుమ్మం దగ్గర పెట్టండి. పుస్తకం చదవాల్సిన పేజీ దగ్గర తెరిచి బల్ల మీద ఉంచండి. కాలక్షేపం యాప్ నుంచి ప్రతిసారీ లాగౌట్ అవ్వండి. పాస్‌వర్డ్ మళ్లీ కొట్టాల్సి రావడం చిన్న చిరాకే, కానీ చాలాసార్లు అది చాలు.

ఇది ఒక్క సాయంత్రం పని. దీనికోసం కొత్త బల్ల, కొత్త దీపం, కొత్త యాప్ కొనడం మొదలుపెట్టారంటే మళ్లీ తప్పించుకుంటున్నారని అర్థం.

## 7. లెక్క రాయండి, కానీ తేలిగ్గా

క్యాలెండర్‌లో చేసిన రోజు గీత, చేయని రోజు ఖాళీ. వారానికోసారి రెండు వరుసలు రాయండి: ఏది నడిచింది, ఎక్కడ ఆగింది. అంతకుమించి రంగులు, గ్రాఫులు వద్దు.

"ఎన్ని రోజులకు అలవాటవుతుంది?" అని తప్పకుండా అడుగుతారు. 21 రోజులన్న మాట బాగా తిరుగుతోంది, దాన్ని నమ్ముకోకండి. లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిపా లాలీ బృందం 96 మంది మీద చేసిన అధ్యయనం 2009లో వెలువడింది. ఒక కొత్త పని ఆలోచించకుండా చేసే స్థితికి రావడానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టిందని అందులో తేలింది. మనిషిని బట్టి, పనిని బట్టి 18 నుంచి 254 రోజుల దాకా తేడా ఉంది. గ్లాసుడు నీళ్లు తాగడం త్వరగా అలవాటవుతుంది, వ్యాయామం అంత త్వరగా కాదు. కాబట్టి నెల గడిచినా ఇంకా బలవంతంగానే ఉందంటే మీలో లోపమేమీ లేదు.

## 8. తప్పిన రోజు ఏం చేయాలి

తప్పుతుంది. జ్వరం, చుట్టాలు, ఆఫీసులో అర్ధరాత్రి పని, ఏదో ఒకటి వస్తుంది. ఇందాకటి లాలీ అధ్యయనంలో, ఒక్కరోజు తప్పినంత మాత్రాన అలవాటు పడడానికి చెప్పుకోదగ్గ నష్టం జరగలేదని కూడా గమనించారు.

నష్టం జరిగేది తర్వాతి గంటలో. "ఎలాగూ పోయింది, ఇక సోమవారం నుంచి చూద్దాం" అనుకున్నప్పుడు ఒక రోజు నాలుగు రోజులవుతుంది. అందుకే తప్పిన రోజు కోసం ముందే ఒక వాక్యం సిద్ధం చేయండి: "ఒక రోజు తప్పితే, మర్నాడు మామూలు వేళకే అందులో పావు వంతు చేస్తాను." అరగంట నడక అయితే ఏడెనిమిది నిమిషాలు. సిగ్గుపడేంత చిన్నగా ఉన్నా ఫర్వాలేదు. తప్పినదాన్ని కూడా కలిపి రెట్టింపు చేయాలని మాత్రం చూడకండి. అలా చేసినవాళ్లు మూడోరోజు మళ్లీ తప్పుతారు.

వరుసగా మూడుసార్లు తప్పితే తిట్టుకోకుండా రెండో మెట్టుకు వెళ్లండి. కారణం మారి ఉంటుంది. మొదట్లో భయం అడ్డమైనచోట ఇప్పుడు విసుగు ఉండొచ్చు, పాత వాక్యం దానికి పనిచేయదు.

## 9. లక్ష్యంలో ఇంకొకరు ఉన్నప్పుడు

ఇంట్లో ఒకరు సహకరించకపోతే, జట్టులో ఒకరు పని చేయకపోతే మనం వెంటనే వాళ్ల స్వభావానికి అంటగడతాం: "వాడంతే." మనం ఆలస్యంగా వస్తే ట్రాఫిక్, వాళ్లు వస్తే నిర్లక్ష్యం.

మీ మీద వాడిన నాలుగు గడులే వాళ్ల మీదా వాడండి: ఎప్పుడు, దానికి ముందు ఏం జరిగింది, బదులుగా ఏం చేశారు, దానివల్ల వాళ్లకు ఏం దక్కింది. ఆ తర్వాత అడగండి. "ఎందుకు చేయలేదు?" అంటే సంజాయిషీ వస్తుంది. "ఎక్కడ ఆగింది?" అంటే సమాచారం వస్తుంది. పై అధికారి అయినా, తమ్ముడైనా ఇదే తేడా పనిచేస్తుంది.

మీరు ఊహించిన కారణాన్ని మాత్రం వాళ్ల ముఖం మీద చెప్పకండి. "నీకు భయం, అందుకే చేయట్లేదు" అన్న మాట నిజమైనా సరే, అక్కడితో సంభాషణ అయిపోతుంది.

## 10. ఎప్పుడు వదిలేయాలి

ప్రతి లక్ష్యాన్నీ చివరిదాకా లాగాల్సిన అవసరం లేదు. కానీ నీరసంగా ఉన్న రాత్రి ఆ నిర్ణయం తీసుకోకండి. మొదలుపెట్టిన రోజే ఒక సమీక్ష తేదీ రాయండి, మూడు నెలల తర్వాత అనుకోండి. ఆ రోజు, అదీ పొద్దున్నే, ఈ మూడు ప్రశ్నలకు జవాబు రాయండి:

- ఈ పని గురించి ఇప్పుడు తెలిసినదంతా ముందే తెలిసి ఉంటే మొదలుపెట్టేవాడినా?
- ఇప్పటిదాకా పెట్టిన డబ్బు, సమయం లెక్కలోంచి తీసేస్తే ఇంకా కావాలనిపిస్తోందా?
- మూడో మెట్టులో రాసిన చివరి జవాబు ఇప్పటికీ నిజమేనా?

మూడింటికీ "లేదు" వస్తే ఆపేయండి, ఆ గంట ఇంకో లక్ష్యానికి ఇవ్వండి. ఒక్కదానికైనా గట్టిగా "అవును" వస్తే లక్ష్యం ఉంచి పద్ధతి మార్చండి: వేళ, చోటు, మెట్టు పరిమాణం ఈ మూడింటిలో ఏదో ఒక్కటి. మూడూ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు.